సెకండ్‌హ్యాండ్ కారు: ట్యూన్ చేసి, అమ్మే ముందు మళ్లీ మామూలు చేశారా?

ముందు పొడవాటి ఎత్తు. నిండు లోడుతో ఒక లారీ మెల్లగా ఎక్కుతోంది. దారి ఖాళీగా ఉందని చూసుకుని, దాటేద్దామని ఆరో గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాను. ఇంజిన్ మోత ఒక్కసారిగా పెరిగింది. ఇంజిన్ చుట్లు చూపే రెవ్ మీటరు ముల్లు రెండు వేల నుంచి మూడు వేల దాకా లేచిపోయింది. స్పీడోమీటరు ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. కాలు తీస్తే రెవ్‌లు దిగాయి, మళ్లీ నొక్కితే మళ్లీ అదే. ఇంక దాటే ప్రయత్నం మానేసి లారీ వెనకే ఎత్తంతా ఎక్కి, పైన పక్కకు ఆపాను. కారు నిండా కాలిన వాసన. ఆ కారు కొని అప్పటికి నాలుగు నెలలే అయింది.

ఐదేళ్ల టర్బో డీజిల్ కారు అది. మీటరు మీద 58 వేల కిలోమీటర్లు. సర్వీస్ బుక్‌లో ప్రతి పేజీకీ ముద్ర ఉంది. కొనే ముందు స్కానర్ పెట్టించాను, ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. అలాంటి కారుకి క్లచ్ ఇంత త్వరగా ఎందుకు పోతుందో నాకు అర్థం కాలేదు. గేర్‌బాక్స్ దించిన మెకానిక్ క్లచ్ ప్లేటు ఆనుకునే చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను, చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పాడు. దాని మీద వేడికి నీలం తిరిగిన మచ్చలు ఉన్నాయి. ప్లేటు అరగడం వేరు, కాలడం వేరు అని చెప్పి, "సార్, ఈ బండికి ముందెప్పుడైనా బాక్స్ పెట్టారా?" అని అడిగాడు.

బాక్స్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. అతను బోనెట్ కింద ఫ్యూయల్ రైల్ ప్రెజర్ సెన్సర్ చూపించాడు. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో, అంటే రైల్‌లో, ఒత్తిడిని కొలిచేది అది. దాని కనెక్టర్‌కు ఉండే ప్లాస్టిక్ లాక్ విరిగి ఉంది. ఆ వైర్ల కట్టకు పొడవునా కంపెనీ చుట్టిన గుడ్డ టేపు ఉంది, కనెక్టర్ దగ్గర జానెడు మాత్రం మెరిసే నల్ల టేపు. బ్యాటరీ పెట్టె పక్కన రెండువైపులా అంటుకునే టేపు పీకేసిన జిగురు మరక. అంతే. మూడు చిన్న గుర్తులు. ఎవరో ఆ సెన్సర్‌కీ, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూకీ మధ్యలో ఒక చిన్న పెట్టె బిగించి, కొన్నేళ్లు నడిపి, అమ్మే ముందు తీసేశారు. ఆ పెట్టె చేసే పని అబద్ధం చెప్పడం. రైల్‌లో 1,600 బార్ ఒత్తిడి ఉంటే 1,450 మాత్రమే ఉందని ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి ఒత్తిడి పెంచుతుంది, సిలిండర్లలోకి అనుకున్నదానికంటే ఎక్కువ డీజిల్ వెళ్తుంది, ఇంజిన్ తిప్పే బలం, అంటే టార్క్, పెరుగుతుంది. పెట్టె పీకేసిన రోజున ఈసీయూలో చూస్తే ఏమీ ఉండదు, ఎందుకంటే దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ముట్టుకోనే లేదు. నా స్కానర్ రిపోర్టు శుభ్రంగా రావడానికి కారణం ఇదే.

అప్పటి నుంచి సెకండ్‌హ్యాండ్ కారు కొంటామని ఎవరు అడిగినా నేను ఒకటే గట్టిగా చెబుతున్నాను. ప్రస్తుతం ట్యూన్ అయి ఉన్న కారుకు అంత భయపడక్కర్లేదు. దాన్ని పట్టుకోవచ్చు, ఓనరు కూడా చాలాసార్లు గొప్పగానే చెప్పుకుంటాడు. మన కొంప ముంచేది ఒకప్పుడు ట్యూన్ అయి, అమ్మకానికి పెట్టే ముందు గుట్టుగా మళ్లీ మామూలు చేసిన కారు. రెండిట్లో ఒకటి కొనాల్సి వస్తే, ట్యూన్ ఉందని కాగితాలతో సహా చూపించే కారునే నేను కొంటాను. ఈ మాట విని చాలామంది ఆశ్చర్యపోతారు. ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు ట్యూనింగ్ అంటే ఏమిటో కాస్త చూద్దాం. ఏ రెవ్‌ల దగ్గర, ఏ లోడ్ మీద ఎంత ఇంధనం పంపాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి, పెట్రోల్ అయితే స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి, గరిష్ఠంగా ఎంత టార్క్‌కు అనుమతించాలి అనే పట్టికలు ఈసీయూలో ఉంటాయి. వీటినే మ్యాపులు అంటారు. వాటిని తిరగరాయడమే రీమ్యాప్. 1990ల మధ్య వరకు దీనికి ఈసీయూ విప్పి మెమరీ చిప్‌ను మార్చేవారు, చిప్ ట్యూనింగ్ అన్న పేరు అలా వచ్చింది. తర్వాత వచ్చిన ఈసీయూల్లో ఫ్లాష్ మెమరీ ఉండడంతో డ్యాష్‌బోర్డ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు వైరు తగిలిస్తే చాలు, పని అయిపోతుంది. టర్బో ఉన్న ఇంజిన్లలో సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చి 20 నుంచి 30 శాతం దాకా పవర్ పెంచడం మామూలే. టర్బో లేని ఇంజిన్లలో పెరిగేది కొద్దిపాటే కాబట్టి అలాంటి కారు చూస్తున్నవాళ్లు ఈ విషయంలో పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

పైగా కంపెనీలే ఒకే ఇంజిన్‌ను రెండు మూడు పవర్ స్థాయుల్లో అమ్ముతాయి. కొన్నిటిలో లోపలి భాగాలన్నీ ఒకటే, తేడా సాఫ్ట్‌వేర్‌లోనే. మరికొన్నిటిలో ఎక్కువ పవర్ ఉన్న మోడల్‌కు టర్బో వేరు, ఇంజెక్టర్లు వేరు, క్లచ్ వేరు, కొన్నిసార్లు పిస్టన్లు కూడా వేరు. బయటి నుంచి చూస్తే ఈ తేడా తెలియదు. "ఇదే ఇంజిన్ పెద్ద మోడల్‌లో ఇంతకంటే ఎక్కువ పవర్ ఇస్తోంది కదా" అని ట్యూన్ చేయించుకునేవాళ్లలో ఎంతమంది తమ ఇంజిన్ మొదటి రకమో రెండో రకమో సరిచూసుకుంటారు?

ట్యూనింగ్ ఇష్టపడే స్నేహితులు నాతో వాదిస్తారు. వాళ్ల వాదనలో నిజం ఉంది, దాన్ని నేను కాదనను. కంపెనీ ప్రతి భాగాన్నీ కొంత అదనపు బలంతో తయారు చేస్తుంది, మంచి ట్యూనర్ ఆ హద్దు లోపలే పని చేస్తాడు, ఓనరు జాగ్రత్తగా నడిపితే ఏమీ కాదు అంటారు. నిజమే. కానీ ఆ అదనపు బలం ఊరికే పెట్టింది కాదు. మండే ఎండలో, గాలి పలచగా ఉండే ఎత్తైన కొండ మీద, నాసిరకం ఇంధనంతో, నిండా మనుషులతో సామాన్లతో, పదేళ్లు పాతబడిన భాగాలతో కూడా ఇంజిన్ తట్టుకోవాలని పెట్టింది. ఆ పదేళ్లలో చివరి ఐదేళ్లు ఎవరివి? రెండో ఓనరువి. మొదటి ఓనరు ఖర్చు పెట్టింది మనకు మిగలాల్సిన బలాన్ని. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సరదా ఒకరిది, బిల్లు ఇంకొకరిది. తన కారు తాను పాడు చేసుకుంటే అది అతనిష్టం. దాచి అమ్మడం మాత్రం మీటరు వెనక్కి తిప్పి అమ్మడంతో సమానమనే నా అభిప్రాయం. మీటరు తిప్పినవాడు కిలోమీటర్లు దాస్తాడు, ఇతను ఆ కిలోమీటర్లు ఎలా గడిచాయో దాస్తాడు.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్ల సంగతి ఇంకా సున్నితం. వాటిలో తక్కువ రెవ్‌ల దగ్గర ఎక్కువ లోడ్ పడితే స్పార్క్ రాకముందే మిశ్రమం దానంతట అదే అంటుకునే సమస్య ఉంది. ఒక్క దెబ్బకు పిస్టన్ మీద రింగులు కూర్చునే అంచు విరిగిపోగలదు. ఈ సమస్య ఎంత నిజమంటే, దీన్ని తగ్గించే ఇంజిన్ ఆయిల్ కోసం 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అని ప్రత్యేక ప్రమాణమే తెచ్చారు. ట్యూన్ చేసినవాళ్లు ఎక్కువగా మెచ్చుకునేది కూడా 1,500 నుంచి 2,000 రెవ్‌ల మధ్య వచ్చే ఆ పికప్‌నే. సరిగ్గా ప్రమాదం ఉన్నచోటే. అందుకే ఇలాంటి ఇంజిన్ అయితే సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టగలదో చూసే కంప్రెషన్ టెస్టు, వీలైతే దాని నుంచి గాలి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్టు కూడా చేయించకుండా నేను కొనను. లీక్‌డౌన్‌లో ఒక సిలిండర్ 20 శాతం దాటి గాలి వదిలేస్తుంటే, మిగతా మూడూ బాగున్నా సరే, ఆ కారు నాకొద్దు.

ఇక స్కానర్ విషయం. అది పనికిరాదని నేను అనడం లేదు, ఏం అడగాలో తెలిసి అడగాలి. మనం మామూలుగా చూసేది ఎర్రర్ కోడ్లు. అవి ఎవరైనా అర నిమిషంలో తుడిచేయగలరు. ఓబీడీ 2 ప్రమాణం పాటించే చాలా కార్లలో దానికంటే విలువైన సమాచారం ఉంటుంది. కోడ్లు తుడిచాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక చోట నమోదవుతుంది. అక్కడ 40 కిలోమీటర్లు అని కనిపిస్తే, నిన్నగాక మొన్న ఎవరో ఏదో తుడిచారన్నమాట. కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా ఈ లెక్క మొదటికి వస్తుంది కాబట్టి బ్యాటరీ ఎప్పుడు మార్చారో కూడా అడగండి. దాంతోపాటు ఎమిషన్ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపే రెడీనెస్ మానిటర్లు చూడండి. సగం "పూర్తి కాలేదు" అని ఉంటే, వారం పది రోజులు మామూలుగా నడిపాక మళ్లీ వచ్చి చూస్తానని చెప్పడమే మంచిది.

సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పట్టుకునే దారి కూడా ఒకటి ఉంది. ఈసీయూ తన సాఫ్ట్‌వేర్ పేరునూ, ఆ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని లెక్కగట్టి తెచ్చిన ఒక సరిచూపు సంఖ్యనూ అడిగితే చెబుతుంది. వీటిని కాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ అంటారు. ట్యూనర్ సాధారణంగా పేరును అలాగే ఉంచుతాడు, కానీ లోపల ఒక్క అంకె మార్చినా సీవీఎన్ మారిపోవాలి. కాలిఫోర్నియాలో కార్ల పొగ తనిఖీలో 2021 జులై 19 నుంచి ఈ రెండిటినీ చూస్తున్నారు, కంపెనీది కాని, ఆమోదం లేని సాఫ్ట్‌వేర్ దొరికితే కారు ఫెయిల్. మనం కూడా అదే మోడల్, అదే సాఫ్ట్‌వేర్ పేరు ఉన్న ఇంకో కారుతో పోల్చుకోవచ్చు. కాకపోతే తెలివైన ట్యూనర్లు అసలు సంఖ్యనే తిరిగి చూపించేలా రాయగలరు. మళ్లీ కంపెనీ ఫైలే ఎక్కించేసి ఉంటే సంఖ్య సహజంగానే సరిపోతుంది. సంఖ్య సరిపోలేదంటే అది ప్రశ్న. సరిపోయిందంటే మాత్రం అది జవాబు కాదు.

ఫైలు తిరిగి మార్చినా మిగిలిపోయేది కౌంటర్. చాలా ఈసీయూలు తమను ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారో లెక్క పెట్టుకుంటాయి. ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో డీలరు యంత్రం ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. ఈసీయూలో ఉన్నది కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సరిపోకపోతే ఆ ఛాసిస్ నంబరు మీద కంపెనీ రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీకి అక్కడితో ఇబ్బంది మొదలవుతుంది. పోర్షే ఈసీయూలు అయితే ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో, చివరిసారి ఎన్ని గంటల నడక దగ్గర అలా జరిగిందో కూడా దాచుకుంటాయి. పాత పోర్షే కొనేవాళ్లు ఆ రిపోర్టు చూడకుండా ముందుకు వెళ్లరు. ఏ కారు అయినా సరే, ఆ కంపెనీ డీలరు దగ్గరకే తీసుకెళ్లి ఛాసిస్ నంబరు మీద రికార్డు, కౌంటర్ చూపించమని అడగడం నా దృష్టిలో మొత్తం తనిఖీలో అత్యంత విలువైన గంట. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే ఆ తర్వాత ఇక చూడాల్సింది ఏమీ లేదు.

కౌంటర్‌లో అంకె కనిపించగానే దొంగ దొరికాడని అనుకోవద్దు. కంపెనీలు స్వయంగా సాఫ్ట్‌వేర్ మారుస్తుంటాయి. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల పొగ పరీక్షల మోసం బయటపడ్డాక ప్రపంచవ్యాప్తంగా లక్షల కార్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అలాంటి కారులో కౌంటర్ పెరగడం న్యాయమే. కాబట్టి కౌంటర్‌ను సర్వీస్ బుక్ పక్కన పెట్టి చదవాలి. బుక్‌లో ఒక అప్‌డేట్ ఉండి కౌంటర్ నాలుగు చూపిస్తే, మిగతావి ఎవరు చేశారు? ఇంకొక మాట, ఈసీయూను కారులోంచి తీసి బల్ల మీద పెట్టి రాస్తే కొన్ని రకాల్లో కౌంటర్ కదలదు. అప్పుడు చూడాల్సింది ఈసీయూ డబ్బానే. మూతల మధ్య కంపెనీ పూసిన జిగురు నున్నగా ఒకే గీతలా ఉంటుంది. విప్పి మళ్లీ మూసినదానికి అంచుల్లో స్క్రూడ్రైవర్ గాట్లు, పైకి ఉబికిన కొత్త సిలికాన్, రంగు పోయిన స్క్రూ తలలు కనిపిస్తాయి.

ఇన్ని చెప్పినా సాఫ్ట్‌వేర్ వైపు నుంచి పూర్తి భరోసా దొరకదు. నా కారు సంగతే చూడండి, ఈ పరీక్షలన్నీ పెట్టినా పాసయ్యేది. అందుకే నేను ఎక్కువ సమయం బోనెట్ కిందా, కారు కిందా గడుపుతాను.

మంచి టార్చిలైటు ఒకటి చాలు. ముందు రైల్ ప్రెజర్ సెన్సర్, టర్బో నెట్టే గాలి ఒత్తిడిని (బూస్ట్) కొలిచే బూస్ట్ ప్రెజర్ సెన్సర్ కనెక్టర్లు. బాక్స్ పెట్టాలంటే ఎక్కువగా వీటినే విప్పాలి. చుట్టుపక్కల కనెక్టర్లన్నీ దుమ్ము పట్టి ఉండి ఇవి మాత్రం శుభ్రంగా ఉన్నా, లాక్ విరిగినా, వైర్లకు వేరే టేపు ఉన్నా ఆగి అడగండి. తర్వాత టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టాలు. కంపెనీ స్ప్రింగ్ క్లాంపులు వాడినచోట స్క్రూతో బిగించే క్లాంపులు ఉంటే ఎవరో విప్పారు. లీకు సరిచేయడానికీ విప్పి ఉండొచ్చు, అలా అయితే బిల్లు ఉంటుంది. పెట్రోల్ కారు అయితే స్పార్క్ ప్లగ్గులు ఒకటి తీయించి దాని నంబరును మాన్యువల్‌తో పోల్చండి. ట్యూన్ చేసిన ఇంజిన్‌కు ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు, అంటే వేడిని త్వరగా బయటికి పంపేవి, వేయడం మామూలు. అమ్మే ముందు ఫైలు మార్చినవాళ్లు ప్లగ్గుల సంగతి మర్చిపోతారు. ఇలాంటి చిన్న విషయాల దగ్గరే దొరుకుతారు.

సైలెన్సర్ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టరు, సరిగా ఉన్న డీజిల్ కారులో ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా గుడ్డకు నల్లటి మసి అంటకూడదు. గుడ్డ నల్లబడిందంటే ఫిల్టరు పగిలి ఉండాలి, లేదా లోపలిది తీసేసి ఉండాలి. తీసేసి ఉంటే సాఫ్ట్‌వేర్ కూడా తప్పకుండా మార్చి ఉంటారు, ఎందుకంటే మార్చకపోతే ఈసీయూ ఊరుకోదు, వెంటనే లైటు వెలుగుతుంది. ఫిల్టరు డబ్బా మీద కోసి మళ్లీ వెల్డింగ్ చేసిన గీత ఉందేమో కింద నుంచి చూడండి. ఇది పవర్ గురించి మాత్రమే కాదు. ఆ మసి అందరి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తుంది. ట్యూనింగ్‌లో ఎన్నో విషయాలను నేను అర్థం చేసుకోగలను, ఫిల్టరు పీకేయడాన్ని మాత్రం క్షమించలేను.

టర్బోకు వచ్చే గాలి గొట్టం విప్పి చక్రాన్ని వేలితో కదిపించండి. చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరుగుతాయి, కాబట్టి దాని బేరింగ్ పరిస్థితి చాలా చెబుతుంది. పక్కలకు అతి కొద్దిగా కదలడం సహజం. ముందుకు వెనక్కి ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉన్నా ఆ టర్బో రోజులు లెక్కపెడుతోంది. గొట్టంలో పలచటి ఆయిల్ తడి కనిపిస్తే కంగారు పడొద్దు, అది చాలా ఇంజిన్లలో ఉండేదే.

ఇప్పుడు క్లచ్. నేను మోసపోయింది ఇక్కడే కాబట్టి దీన్ని ఎప్పుడూ వదలను. ఖాళీగా, సురక్షితంగా ఉన్న ఎత్తు రోడ్డు చూసుకుని, ఇంజిన్ వేడెక్కాక, పై గేరులో 1,500 రెవ్‌ల దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. రెవ్‌లూ వేగమూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పెరగాలి. రెవ్‌లు ఒక్కసారి ఎగిరి, వేగం వెనకబడితే క్లచ్ జారుతోంది. కొనే రోజున నేను ఊళ్లో మూడో గేరులో తిప్పి చూసి తృప్తి పడ్డాను. తక్కువ వేగంలో, తక్కువ లోడ్ మీద సగం కాలిన క్లచ్ కూడా బాగానే పట్టుకుంటుంది. ఇంజిన్ ఆపేటప్పుడు, ఐడిల్‌లో ఉన్నప్పుడు కింద నుంచి లోహం తగిలిన చప్పుడు వస్తే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ కూడా అరిగి ఉండొచ్చు. 60 వేల కిలోమీటర్లకే క్లచ్ మార్చారని బిల్లు ఉంటే దాన్ని మంచి వార్తగా చెబుతారు, కానీ అంత త్వరగా ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగాలి.

ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకోగలదో, ఇంజిన్ ఎంత ఇస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో వచ్చే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల్లో ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం, అంటే డీక్యూ200, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు తయారైంది. దాన్ని బిగించిన కొన్ని 1.4 లీటర్ల టీఎస్ఐ (టర్బో పెట్రోల్) ఇంజిన్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తాయి. అక్కడ మిగులు అన్నదే లేదు. అలాంటి కారును ట్యూన్ చేశారని తెలిస్తే, ఇప్పుడు ఎంత నున్నగా నడిచినా నేను వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఆరు గేర్ల వెట్ క్లచ్ డీక్యూ250 అయితే దాని హద్దు 350, కాబట్టి అదే ట్యూన్ దానికి అంత భారం కాదు. ట్యూన్ మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చలేకపోవడానికి ఇలాంటి తేడాలే కారణం.

కారు ఇప్పటికీ ట్యూన్‌లోనే ఉందని అనుమానం ఉంటే మాత్రం పట్టుకోవడం తేలిక. నడుపుతున్నప్పుడు పక్కన ఇంకొకరు స్కానర్‌లో లైవ్ డేటా చూడాలి. పెట్రోల్ ఇంజిన్‌లో పూర్తి యాక్సిలరేటర్ మీద సెకనుకు ఎన్ని గ్రాముల గాలి వెళ్తోందో చూసి, దాన్ని 0.8తో భాగిస్తే సుమారుగా హార్స్‌పవర్ వస్తుంది. 150 హార్స్‌పవర్ కారు సెకనుకు 160 గ్రాములు పీల్చిందంటే అది 200 దగ్గర ఉంది, లెక్కలో చిన్న తేడా కాదు అది. డీజిల్ ఎప్పుడూ కావాల్సినదానికంటే ఎక్కువ గాలి తీసుకుంటుంది కాబట్టి ఈ లెక్క దానికి పనికిరాదు, అక్కడ బూస్ట్ చూడాలి. మామూలు స్కానర్లు ఆ ఒత్తిడిని చాలా కార్లలో 255 కిలోపాస్కల్ వరకే చూపిస్తాయి. అక్కడే ఆగిపోయి కదలకపోతే, ఆ కంపెనీ డేటా మొత్తం చదవగల స్కానర్ కావాలి. ఇంజిన్ పవర్, టార్క్ కొలిచి గీత గీసి చూపే యంత్రం, డైనో, మీద పరీక్షిస్తే ఇంకా మంచిది. అక్కడ నేను గరిష్ఠ అంకె కంటే గీత ఆకారం చూస్తాను. ఈ కాలపు టర్బో ఇంజిన్లలో కంపెనీ టార్క్‌ను ఒక హద్దు దగ్గర ఆపేస్తుంది కాబట్టి గీత పైన బల్లపరుపుగా ఉంటుంది. ట్యూన్ చేసినదానికి చాలాసార్లు మధ్యలో గుట్టలా లేస్తుంది. కానీ మళ్లీ చెబుతున్నాను, ఫైలు వెనక్కి మార్చేసిన కారును డైనో కూడా పట్టుకోలేదు.

చివరికి మనిషిని అడగడమే మిగులుతుంది. ఆ అడగడంలోనూ నేను ఒక మాట దగ్గర జాగ్రత్త పడడం నేర్చుకున్నాను. "ట్యూన్ చేశారా?" అంటే చాలామంది "ఇప్పుడు అంతా స్టాక్‌లోనే ఉందండీ" అంటారు, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉందని. నాకు కారు అమ్మినతను కూడా సరిగ్గా ఇదే అన్నాడు. అప్పుడు నేను "స్టాక్" అన్న మాట విన్నాను, "ఇప్పుడు" అన్న మాట వినలేదు. అందుకే ఇప్పుడు అమ్మకం కాగితంలో ఒక వాక్యం నేనే రాసి తీసుకెళ్తాను. "ఈ కారు ఇంజిన్, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ చేసినవి తప్ప వేరే మార్పులు నాకు తెలిసి ఎప్పుడూ జరగలేదు, సెన్సర్ల మధ్య ఎలాంటి బాక్సూ ఎప్పుడూ బిగించలేదు." తప్పు చేయనివాడికి దాని మీద సంతకం పెట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

రెండో కారు కొనేటప్పుడు ఆ కాగితం ఇచ్చాను. అమ్మేది నాకంటే పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చదివి, పెన్ను మూత పెట్టి, "ఇది నేను రాయలేనండీ. రెండేళ్లు రీమ్యాప్‌తో నడిపాను, పోయిన నెల తీయించేశాను. అడిగితే చెబుదామనుకున్నాను, చెప్పకుండానే మీరు కొనేస్తారేమోనని కూడా అనిపించింది" అన్నాడు. లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చాడు. ట్యూన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి డైనో కాగితాలు ఉన్నాయి. ట్యూన్ పెట్టించిన రోజే క్లచ్ కూడా గట్టిది వేయించిన బిల్లు ఉంది. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చిన రసీదులు వరసగా ఉన్నాయి.

అదే వారం డీలరు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్లాం. కౌంటర్‌లో 3 ఉంది. సర్వీస్ బుక్‌లో ఒక కంపెనీ అప్‌డేట్ ఉంది, మిగతా రెండూ ఆయన చెప్పినవే, ఒకటి పెట్టించడం, ఒకటి తీయించడం. ఆయన రాసిన కొత్త వాక్యంలో ఆ మూడు తేదీలూ ఉన్నాయి. దాని కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.